హద్దులు రాయని తీర్మానం

ఇరవై ఏడేళ్లుగా దస్తావేజులు రాయడం నా వృత్తి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు వరసలో పది అడుగుల గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నలుగురు కూర్చునే బెంచీ. ఇల్లు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, అన్నదమ్ములు పంచుకునేవాళ్లు, కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చేవాళ్లు, ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ధర కాదు. హద్దులు. తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు, పడమర ఏముంది, ఉత్తరాన దారి ఉందా లేదా. ఆ నాలుగూ తేలితే సగం దస్తావేజు అయిపోయినట్టే. తేలకపోతే ఎన్ని లక్షలు చేతులు మారినా ఆ కాగితం ఏదో ఒకరోజు కోర్టు మెట్లెక్కుతుంది.

మా నెల్లూరు జిల్లాలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం. అంకణం అంటే మాకు 72 చదరపు అడుగులు. ఆరు అంకణాలయితే దాదాపు ఒక సెంటు. అర అంకణం తేడా వచ్చి తోడబుట్టినవాళ్లు ఒకరి ఇంటికి ఒకరు రాకపోకలు మానేసిన సంగతులు నాకు తెలుసు. అందుకే రాసేటప్పుడు అంగుళం కూడా వదలను. రాసింది పైకి చదివి వినిపిస్తాను. చదువు రానివాళ్లయితే రెండుసార్లు చదువుతాను.

ఈ అలవాటుతోనే కిందటేడు మా మున్సిపల్ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి సందర్శకుల కుర్చీల్లో కూర్చున్నాను. మా ఊళ్లో కూరగాయల మార్కెట్టు వెనకాల, కాలువ గట్టు వెంబడి ఒక పేట ఉంది. నూటికి పైగా గడపలు. ఆ పేటను ఖాళీ చేయించి, కాలువకు కాంక్రీటు గోడ కట్టి, రోడ్డు వెడల్పు చేసి, ముందు భాగంలో షాపింగ్ కాంప్లెక్సు, వెనక పార్కు పెట్టాలని, అక్కడున్నవాళ్లకు బైపాస్ అవతల అపార్టుమెంట్లలో ఇళ్లు ఇవ్వాలని ప్లాను. అజెండాలో దాని పేరు పేట పునరుద్ధరణ, గృహవసతి ప్రణాళిక. ఊరి పేరు నేను రాయడం లేదు. ఎవరినో వేలెత్తి చూపాలని ఇది మొదలుపెట్టలేదు. జిల్లాలో ఏ మున్సిపాలిటీలో చూసినా ఈ తరహా అంశం ఇలాగే పాసవుతుందని నా నమ్మకం.

కమిషనర్ గారు తెర మీద బొమ్మలు చూపించారు. కాలువ పక్కన నడకదారి, దీపాలు, బెంచీలు, వరసగా చెట్లు. బాగున్నాయి, కాదనను. తర్వాత చర్చ. కాంప్లెక్సులో ఎన్ని గదులు రావాలి, వేలం ఎట్లా పెట్టాలి, గది దక్కించుకున్నవాళ్లు ముందుగా కట్టే గుడ్‌విల్ ఎంత, ఇప్పుడు రోడ్డు పక్కన బంకులు ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలా వద్దా, ఇదంతా ముప్పావు గంట నడిచింది. గొంతులు లేచాయి. అందులో తప్పేమీ లేదు, మున్సిపాలిటీకి ఆదాయం కావాలి. ఆ తర్వాత ఇళ్ల సంగతి వచ్చింది. గోడ గడియారం చూసి చేతిలో కాగితం మీద రాసుకున్నాను. నాలుగు నిమిషాలు. మొదటిసారి గెలిచిన ఒక మహిళా కౌన్సిలర్ లేచి, "వీళ్లకు ఇల్లు ఇచ్చేది ముందా సార్, ఉన్న ఇల్లు తీసేది ముందా?" అని అడిగింది. "అన్నీ ప్రభుత్వ నిబంధనల ప్రకారమే జరుగుతాయమ్మా" అన్నారు. ఆమె ఇంకేదో అడగబోయేలోపు తర్వాతి అంశం చదివేశారు.

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి ఆ రోజు మినిట్స్ కాపీ తెచ్చుకున్నాను. ఆ అంశం ఎదురుగా ఒకే వాక్యం ఉంది: సభ్యుల చర్చ అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఆమె అడిగిన ప్రశ్న లేదు. పేటలో ఎన్ని కుటుంబాలున్నాయో లేదు. ఎవరెవరో లేదు. ఎక్కడికి వెళ్తారో, ఎప్పుడు వెళ్తారో లేదు. సర్వే నంబరు ఒకటి ఉంది, విస్తీర్ణం ఉంది, పక్కన కాలువ పోరంబోకు, అంటే కాలువకు చెందిన ప్రభుత్వ భూమి అని ఉంది. అంతే.

నేను ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎవరైనా ఇలాంటి కాగితం పట్టుకొచ్చి రిజిస్టరు చేయించమంటే నేను తిప్పి పంపేస్తాను. నేను పంపకపోయినా సబ్ రిజిస్ట్రార్ పంపుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 21వ సెక్షన్ అని ఒకటుంది. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన లేని దస్తావేజును రిజిస్ట్రేషనుకు తీసుకోకూడదని చెప్పే సెక్షన్ అది. పట్నాల్లో ఇళ్ల గురించి ఇంకా విడమరిచి చెప్పింది. ఇల్లు ఏ వీధిలో ఉంది, వీధికి ఏ వైపున ఉంది, నంబరుంటే ఆ నంబరు, ఇప్పుడు అందులో ఎవరుంటున్నారు, అంతకుముందు ఎవరుండేవాళ్లు, ఇవన్నీ రాయాలి. తెల్లవాళ్లు రాసిన చట్టం కూడా ఇంటిని అందులో ఉన్న మనిషిని బట్టి గుర్తుపట్టమంది. ఒక్క ఇల్లు చేతులు మారడానికి అంత స్పష్టత అడిగే మనం, నూరిళ్లను లేపడానికి ఒక్క వాక్యంతో ఎందుకు సరిపెట్టుకుంటున్నాం? నేను ఇదంతా రాసేది ఈ ఒక్క మాట అడగడానికే.

పేట సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ ఎవరికీ పట్టా లేదు. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే మేం 22ఏ అని పిలిచే దాంట్లో ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ జరగదు. అయినా ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు, ఇద్దరు సాక్షులు, అంతే. ఇంటి పన్ను రసీదు ఉంది, కరెంటు మీటరు ఉంది, రేషన్ కార్డు ఉంది, ఓటు ఉంది. మున్సిపాలిటీ నీళ్ల కుళాయి ఉంది, దానికి పన్ను కూడా కడుతున్నారు. పన్ను కట్టించుకునేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక పేరు ఉన్నాయి. ఖాళీ చేయించే కాగితంలో మాత్రం ఆ పేర్లు కనపడలేదు.

ఆ పేటలో పూలమ్మే అవ్వ ఒకామె ఉంది. నా గదికి అప్పుడప్పుడూ వస్తుంది, ఏదైనా నోటీసు వస్తే చదివి చెప్పమని. డెబ్భై దాటి ఉంటుంది. తీర్మానం సంగతి చెబుదామని ఒక సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. వసారాలో తడి గోనెపట్టా పరిచి విడిపూలు పోసుకుని కూర్చుంది. అరటి నార నీళ్లలో నానేసి, కాలి బొటనవేలికి ఒక కొస చుట్టి కడుతోంది. నాతో మాట్లాడుతూ కూడా చెయ్యి ఆగలేదు, కిందకు చూడనూ లేదు. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, ఒక ముడి. మూర అయ్యాక మోచేతికి ఆనించి కొలిచి, ఆ కొలత మీద ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువ వదిలి తుంచింది.

"ఆడ ఇల్లు బాగుంటాదనే అంటా ఉండారు నాయనా. బాగుంటే ఉండనీ. తెల్లారుజామున మూడింటికి నేను మార్కెట్లో ఉండాల. బండి దిగే యాళకు లేకపోతే మంచి పూలు దొరకవు. ఆడి నుంచి ఎట్ట రావాల?" అంది.

బైపాస్ అవతలి ఆ అపార్టుమెంట్లు మార్కెట్టుకు ఏడు కిలోమీటర్లు. మూడు గంటలకు షేర్ ఆటో ఉండదు. పొద్దెక్కాక ఉంటుంది, మనిషికి పోను ఇరవై, రాను ఇరవై. ఆమెకు పూల మీద రోజుకు మిగిలేది రెండొందలు, మంచి రోజున రెండొందల యాభై. నెలకు ఇరవై ఆరు రోజులు వేసుకున్నా ఆటోకే వెయ్యి దాటిపోతుంది. అంటే నెలలో నాలుగైదు రోజుల కష్టం ఆటోవాడికి పోవాలి. ఇంటికి నెలనెలా ఇంత అద్దె అని ఎవరూ అడగకపోయినా ఆమె అద్దె కట్టినట్టే.

అవ్వ ఇంటి హద్దులు నేనే రాసుకున్నాను. తూర్పు: కాలువ. దక్షిణం: కోడలి చెల్లెలి ఇల్లు. పడమర: సందు, సందు దాటితే మార్కెట్టు వెనక గేటు. ఉత్తరం: హమాలీ పని చేసే అతని ఇల్లు. ఇవి రాస్తుంటే నాకు ఇన్నేళ్ల వృత్తిలో తట్టని సంగతి ఒకటి తట్టింది. దక్షిణపు ఇంటామె పొద్దున్నే అవ్వ మనవడిని బడికి పంపుతుంది. ఉత్తరపు ఇంటాయన లారీ దగ్గర పూల బుట్ట దింపి పెడతాడు, డబ్బు అడగడు. పడమటి గేటు అవ్వకు కొట్టు. ఒక్క తూర్పు వైపు నుంచే ఆమెకు కష్టం, వానాకాలం నీళ్లొస్తాయి. ఆమె బతుకంతా ఆ మూడు హద్దుల మీద ఆనుకుని ఉంది. అపార్టుమెంట్లలో ఇళ్లు లాటరీ తీసి ఇస్తారు. లాటరీలో ఆమెకు మూడో అంతస్తు రావచ్చు, దక్షిణపు ఇంటామెకు ఇంకో బ్లాకులో కింద రావచ్చు, హమాలీ పేరు జాబితాలోనే లేకపోవచ్చు. అంత పెద్ద మార్పు గురించి తీర్మానంలో ఒక్క ముక్క లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కాలువ గట్టు మీద ఇళ్లు అట్లాగే ఉండనివ్వమని నేను అనడం లేదు. 2015 నవంబరు వానలు మా జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. నా గదిలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కింది అరలో పెట్టిన జనాల లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి పాత దస్తావేజులు, తడిసి ముద్దయితే ఒక్కో కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాను. కాలువలు పూడిపోయి, గట్లు ఇరుకై నీళ్లు పారే దారి లేకపోవడం దానికి ఒక కారణం. ఆ తర్వాత 2021 నవంబరులో పెన్నా సంగతి చెప్పనే అక్కర్లేదు. సోమశిల డ్యాం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు మించి వదిలారు. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నెల్లూరులో ఏటి ఒడ్డున ఉన్న భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్లు మునిగాయి. ఆ నీళ్లలో బియ్యం, పుస్తకాలు, మంచాలు పోగొట్టుకున్న వాళ్లంతా పేదవాళ్లే. ఏటి ఒడ్డున, కాలువ గట్టున ఉండటం ఎవరూ ఇష్టపడి చేసే పని కాదు. పనికి దగ్గర, అద్దె తక్కువ, అందుకని ఉంటారు. కాబట్టి కదలడం గురించి నాకు పేచీ లేదు. ఎట్లా కదిలిస్తారన్న దానిమీదే నా పోరు.

సుప్రీంకోర్టు ఈ సంగతి నలభై ఏళ్ల కిందటే చెప్పింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసని, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసు. వాళ్లు అక్కడ ఉన్నది పని దగ్గర కాబట్టే, అక్కడి నుంచి లేపితే పని పోతుంది, పని పోతే బతుకు పోతుంది, కాబట్టి జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని కోర్టు అంది. తొలగించవద్దని మాత్రం చెప్పలేదు. నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి అంది. ఆ ఏడు వర్షాకాలం గడిచేదాకా ఆగమంది. కాలం చూసి కదిలించాలన్న ఆ చిన్న ఆలోచన నాకు బాగా నచ్చుతుంది. మనిషి వానలో నిలబడతాడని ఒక జడ్జి తలచుకున్నాడు కదా.

2024 నవంబరులో బుల్డోజర్ల మీద వచ్చిన తీర్పు మన పేటవాళ్లకు అక్కరకు రాదు. పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చకూడదని ఆ తీర్పు చెప్పింది, మంచిదే. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది, చెరువు లాంటి నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు అది వర్తించదని కూడా అందులోనే ఉంది. సొంత పట్టా భూమి సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది, నోటిఫికేషన్, అభ్యంతరాలు, పరిహారం అని ఒక దారి ఉంది. కాలువ పోరంబోకు మీద ఉన్నవాళ్లకు చట్టం తలుపులు చాలా వరకు మూసే ఉంటాయి. అలాంటప్పుడు వాళ్ల గురించి మాట్లాడాల్సిన చోటు కౌన్సిల్ హాలే. 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన పద్దెనిమిది పనులున్నాయి. మురికివాడల అభివృద్ధి అందులో ఒకటి. పట్టణ ప్రణాళిక ఇంకొకటి. అదే సవరణ వార్డు కమిటీలు ఉండాలంది గానీ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే తప్పనిసరి చేసింది. మాలాంటి చిన్న పట్టణాలు అందులోకి రావు. ఉన్నది ఒక్క కౌన్సిలే. ఆ కౌన్సిల్ నాలుగు నిమిషాల్లో ముగిస్తే వీళ్ల మాట వినేవాళ్లు ఇంకెక్కడా లేరు.

కట్టే ఇళ్ల గురించి కూడా మనకు అనుభవం ఉంది. 2016లో టిడ్కో అని రాష్ట్రంలో ఒక సంస్థ పెట్టి పట్టణ పేదలకు గ్రౌండ్ ప్లస్ త్రీ అపార్టుమెంట్లు మొదలుపెట్టారు. 300, 365, 430 చదరపు అడుగులు. మా లెక్కన నాలుగు, ఐదు, ఆరు అంకణాలు. షియర్ వాల్ పద్ధతిలో, అంటే ఇటుకలు లేకుండా అంతా కాంక్రీటు గోడలు. కట్టడం గట్టిదే, ఎవరూ కాదనరు. అయితే 2019లో ప్రభుత్వం మారాక చాలా చోట్ల గోడలు లేచిన బ్లాకులు రోడ్డు లేక, నీళ్లు లేక, డ్రైనేజీ లేక ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. వాటా డబ్బుకు డీడీలు తీసినవాళ్లు అప్పటిదాకా అద్దె ఇళ్లలోనే ఉన్నారు. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ఊళ్ల బయట సెంటు స్థలాలు పంచారు. పట్టా చేతికి రావడం ఆడవాళ్లకు ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనక దాచుకున్నవాళ్లున్నారు. కానీ పని ఊళ్లో, స్థలం ఊరి బయట. రెండు ప్రభుత్వాలూ రెండు రకాలుగా ఇళ్లిచ్చాయి, రెండింటి లెక్కా చదరపు అడుగుల్లోనే సాగింది. పనికి ఎంత దూరం అన్న గడి ఏ దరఖాస్తులోనూ నేను చూడలేదు.

దస్తావేజులో ప్రతిఫలం అని ఒక భాగం ఉంటుంది. ఏమిచ్చి ఏం తీసుకుంటున్నారో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం. ఆ పక్కనే స్వాధీనం. ఈ రోజే స్వాధీనం చేసినాము అనే వాక్యం రాయకుండా నేను దస్తావేజు ముగించను. డబ్బు అందిన రోజే తాళం చెవి అందాలి. మధ్యలో నెల రోజులు ఖాళీ వదిలితే ఆ నెల్లో ఏమైనా జరగొచ్చు. ఆ మహిళా కౌన్సిలర్ అడిగింది సరిగ్గా ఇదే. ఇచ్చేది ముందా, తీసేది ముందా. చదువుకున్న ఏ లాయరూ అంతకంటే మంచి ప్రశ్న వేయలేడు. కొత్త ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చి, స్విచ్ వేస్తే దీపం వెలిగి, ఆ తాళం చెవి ఈ చేతిలో పెట్టిన తర్వాతే పాత ఇంటి మీద చెయ్యి వేయాలని తీర్మానంలో ఒక్క వాక్యం రాస్తే ఎవరి సొమ్మూ పోదు.

కుటుంబాల లెక్క ఇంకో చిక్కు. సర్వేకు వచ్చినవాళ్లు తలుపులు లెక్కపెట్టుకుపోయారు. ఒక తలుపు వెనక రెండు పొయ్యిలుంటాయి. కొడుక్కి పెళ్లయింది, పొయ్యి వేరుపడింది, స్థలం లేక అదే కప్పు కింద మధ్యలో చీర కట్టుకుని ఉంటున్నారు. కార్డు వేరు, గ్యాసు వేరు, ఇంటి నంబరు ఒకటే. జాబితాలో వాళ్లు ఒక కుటుంబం. అద్దెకున్నవాళ్లయితే జాబితాలోనే లేరు. ఇరవై ఏళ్లుగా అద్దెకుంటూ మార్కెట్టులో కూరగాయలు ఏరే ఆవిడకు ఇల్లు రాదు. ఆ ఇంటి యజమానికి ఇంకో వీధిలో మేడ ఉండి కూడా పేరు ఎక్కింది. ఇలాంటివాళ్లు పేటలో ముగ్గురో నలుగురో ఉన్నారు, అది దాచి మాట్లాడను. జాబితా గోడకు అతికించి, పేటవాళ్ల ముందు పైకి చదివితే ఆ ముగ్గురు నలుగురి సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎవరు ఎవరో పేటకు తెలియనిది కాదు. ఆఫీసులో కూర్చుని ఆరు నెలలు విచారించినా తేలనిది అక్కడ తేలుతుంది.

అందుకే నేను అడిగేది ఇది. ఏ పేటను కదిలించాలన్నా, ఆ ఒక్క అంశం మీద కౌన్సిల్ ఒకసారి ఆ పేటలోనే కూర్చోవాలి. బడి ఆవరణ చాలు, షామియానా కూడా అక్కర్లేదు. సాయంత్రం ఏడు తర్వాత పెట్టాలి, పొద్దున పెడితే అందరూ పనుల్లో ఉంటారు. తీర్మానం ముసాయిదాను తెలుగులో, దస్తావేజు చదివినట్టు, పేర్లతో సహా పైకి చదవాలి. ఏ కుటుంబం ఎక్కడికి, ఎన్నో అంతస్తుకు, పక్కింటివాళ్లు ఎవరు, ఏ నెలలో, ఆటో లేని వేళ పనికి వెళ్లేవాళ్లకు ఏం దారి, ఖాళీ అయిన స్థలంలో వచ్చే కాంప్లెక్సులో వీళ్లకు బుట్ట పెట్టుకునే చోటైనా ఉందా. డెబ్భై ఏళ్లావిడకు కింది ఇల్లు ఇవ్వడానికి కొత్త జీవో ఏమీ అవసరం లేదు. పక్కపక్క ఇళ్లవాళ్లను ఒక గుంపుగా తీసుకుని గుంపుకు ఒక చీటీ వేస్తే లాటరీ లాటరీగానే ఉంటుంది, హద్దులు హద్దులుగానే ఉంటాయి.

ఇదంతా పెట్టుకుంటే పనులు జరగవని ఒక కౌన్సిలర్ మిత్రుడు నాతో అన్నాడు. "నిధులకు గడువు ఉంటుందన్నా. మార్చిలోపు తీర్మానం పోకపోతే డబ్బు వెనక్కి పోతుంది. ఒక్కొక్కరి మాట వింటూ కూర్చుంటే కాలువ ఎప్పటికీ కట్టలేం" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. వార్డులో పైపు పగిలితే రాత్రి పదకొండుకైనా వచ్చి నిలబడే మనిషి. అతని టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ నా అనుభవం వేరు. తొందరపడి హద్దులు రాయకుండా చేసిన దస్తావేజు ఏదీ తొందరగా తెమలలేదు. ఒక్క పూట మిగిలిందనుకుంటే పదేళ్లు కోర్టులో పోయింది. పేటల సంగతీ అంతే. వినకుండా కదిలిస్తే జనం స్టే తెచ్చుకుంటారు, లేదా కొత్త ఇల్లు అద్దెకిచ్చి మళ్లీ ఏ గట్టు మీదికో వచ్చేస్తారు. అప్పుడు వాళ్లను మోసగాళ్లంటాం. వాళ్లు పని దగ్గరికి వచ్చారు, అంతే.

ఆ మిత్రుడు చివరకు ఒక మాటిచ్చాడు. పేటవాళ్లు రాతపూర్వకంగా ఏదైనా ఇస్తే వచ్చే సమావేశంలో ఆ తీర్మానానికి సవరణగా ప్రతిపాదిస్తానని, మొదట ప్రశ్న అడిగిన ఆ మహిళా కౌన్సిలర్ బలపరుస్తానందని చెప్పాడు. అందుకని నెల రోజులుగా రాత్రి ఎనిమిది తర్వాత నా గది మూసి పేటకు వెళ్తున్నాను. డిప్లొమా చదివే ఇద్దరు పిల్లలు టేపు పట్టి కొలుస్తారు, నేను రాస్తాను. ప్రతి ఇంటికీ ఒక పేజీ. ఇంటి నంబరు, అంకణాలు, ఎన్ని పొయ్యిలు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎవరు ఏం పని, ఎన్ని గంటలకు బయల్దేరతారు, నాలుగు హద్దులు. అందరి చేతా సంతకం, రానివాళ్ల చేత వేలిముద్ర. సాక్షి సంతకం పక్కింటివాళ్లది.

మొన్న అవ్వ పేజీ ప్రింటు తీసి వాళ్లింటికి తీసుకెళ్లి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. "అన్నీ రాసినావు నాయనా, ఒకటి మర్సిపోయినావు" అంది.

ఏమిటవ్వా అన్నాను.

"మల్లెల కాలంలో కదిలించొద్దని రాయి. చైత్రంలో పెండ్లిండ్లు మొదలయితే నాకు రెండు పైసలు కనపడేది అప్పుడే. ఆ నాలుగు నెలలు పోయినాక ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా."

పేజీ అడుగున ఖాళీ ఉంది. మార్చి నుంచి జూన్ వరకు ఖాళీ చేయించరాదని పెన్నుతో రాసి, పక్కన ఆమె వేలిముద్ర వేయించాను. దక్షిణపు ఇంటామె వచ్చి సాక్షి సంతకం పెట్టింది. నిన్న పేజీలన్నీ కలిపి కుట్టి మున్సిపల్ ఆఫీసు టపాలులో ఇచ్చాను. తేదీ ముద్ర వేసి రసీదు ఇచ్చారు. సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉంటుందన్నారు.